భీమవరం నుంచి బోస్టన్ దాకా: పేగుల జబ్బును వెంటాడిన యల్లాప్రగడ సుబ్బారావు

కువైట్‌లో ఏ శుక్రవారం నాలుగు తెలుగు కుటుంబాలు కలిసినా ముందు వచ్చే మాట ఊరి పేరే. భీమవరం, నరసాపురం, రాజోలు, రాజంపేట, రైల్వేకోడూరు. గోదావరి జిల్లాల వాళ్ళు, కడప వైపు వాళ్ళు ఇక్కడ అంత ఎక్కువ. ఆ భీమవరంలోనే 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. ఆయన గల్ఫ్ గడప తొక్కలేదు. కానీ ఆయన ప్రయోగశాలలో తయారైన ఒక పదార్థం ఇక్కడ మన ఇళ్ళలోకి రోజూ వస్తోంది. జమియాలో కొనే గోధుమ పిండిలో, మనం తినే ఖుబూస్‌లో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ కలుపుతారు. ఆ ఫోలిక్ యాసిడ్‌ను మొదట కృత్రిమంగా తయారు చేసిన బృందాన్ని నడిపింది మన భీమవరం మనిషి.

సుబ్బారావు గురించి మనకు తెలిసింది సాధారణంగా ఒక జాబితా. ఏటీపీ కనిపెట్టారు, క్యాన్సర్ మందు చేశారు, టెట్రాసైక్లిన్ తెచ్చారు, నోబెల్ రాలేదు, అంతే. ఈ పనుల వెనక ఒక జబ్బు ఉంది. అది పేగుల జబ్బు. ఆయన ఇంట్లో ఇద్దర్ని తీసుకుపోయింది, ఆయన్ని కూడా మంచం పట్టించింది. ఆయన జీవితాన్ని ఆ జబ్బు వైపు నుంచి చూస్తే జాబితాలో కనిపించని సంగతులు కొన్ని కనిపిస్తాయి.

మూడోసారికి మెట్రిక్

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందే పదవీ విరమణ చేశారు. తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల ఇల్లు. డబ్బుకు ఎప్పుడూ కటకటే. సుబ్బారావుకు చిన్నప్పుడు చదువు మీద మనసు లేదు. 13 ఏళ్ళప్పుడు కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇంట్లోంచి పారిపోయాడు. తల్లి దారిలోనే పట్టించి వెనక్కి రప్పించింది. రాజమండ్రిలో చదివించింది. మెట్రిక్ రెండుసార్లు తప్పి, చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడో ప్రయత్నంలో గట్టెక్కాడు. 1913లో తండ్రి పోయాక ఆ ఇంటిని, ఈ చదువును మోసింది వెంకమ్మే. కొడుకు చదువు కోసం ఒంటి మీద బంగారం అమ్మింది.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు తిరిగింది. సన్యాసం తీసుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మనుషులకు సేవ చేయాలంటే వైద్యం కూడా ఒక దారే కదా అన్న ఆలోచనతో 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు స్నేహితులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి అనే పెద్దమనిషి కూడా ఆదుకున్నారు. తర్వాత ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు 1919లో పెళ్ళి చేసుకున్నారు.

అది గాంధీ గారు విదేశీ వస్త్రాలు మానమన్న కాలం. సుబ్బారావు ఖద్దరు కుట్టించుకుని, ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుదే వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా సర్జరీ దగ్గర దెబ్బ తగిలింది. పూర్తి ఎంబీబీఎస్ పట్టా బదులు ఒక మెట్టు కిందదైన ఎల్‌ఎంఎస్ చేతికిచ్చారు. ఆ పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో చేరడానికి ప్రయత్నించారు, కుదరలేదు.

ఇంట్లోకి వచ్చిన స్ప్రూ

ఈ చదువు రోజుల్లోనే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఇద్దరిదీ ఒకే జబ్బు, ట్రాపికల్ స్ప్రూ. మన వైద్యులు సంగ్రహణి అని పిలిచే జబ్బుల్లోకి ఇదీ వస్తుంది.

ఈ జబ్బు ఎలా చంపుతుందో తెలిస్తే తర్వాతి కథ సులువుగా అర్థమవుతుంది. మన చిన్నపేగు లోపలి గోడ మఖమల్ గుడ్డలా ఉంటుంది. సన్నని నూగులాంటి వేళ్ళు లక్షల కొద్దీ ఉంటాయి. తిన్న అన్నంలోని సారం వాటి గుండానే రక్తంలోకి చేరుతుంది. స్ప్రూ వచ్చినప్పుడు ఆ వేళ్ళు అరిగి, గోడ చదునైపోతుంది. మనిషి తింటూనే ఉంటాడు, ఒంటికి పట్టదు. నూనె తేలే విరేచనాలు వారాలు, నెలల తరబడి ఆగవు. నాలుక ఎర్రగా పుండై అన్నం నోట్లో పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది. ఒళ్ళు తరుగుతుంది, రక్తం పలచబడుతుంది. 1920 ప్రాంతంలో డాక్టర్ల దగ్గర దీనికి పథ్యం తప్ప మందు లేదు.

సుబ్బారావుకు కూడా ఈ జబ్బు సోకింది. ఆయన్ని కాపాడింది డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. ఆయన అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు వచ్చిన వైద్యుడు. ఆయన భార్య రుక్మిణి లక్ష్మీపతి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి, తర్వాత మద్రాసు రాష్ట్రంలో మొదటి మహిళా మంత్రి అయ్యారు. లక్ష్మీపతి గారి వైద్యంతో కోలుకున్న సుబ్బారావు, ఆయన నడిపే ఆయుర్వేద కళాశాలలోనే శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు. ఆధునిక వైద్యం చదివిన మనిషి ఆయుర్వేదంతో బతికాడు. ఈ మందుల్లో పనిచేసే పదార్థం ఏమిటో రసాయన శాస్త్రంతో తేల్చాలన్న పట్టుదల అక్కడే మొదలైంది. దానికి తగిన ప్రయోగశాల మద్రాసులో లేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల మీద ప్రత్యేకంగా చదువు చెబుతున్నారని తెలిసి, అటు వెళ్ళడానికి సిద్ధమయ్యారు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

ప్రయాణానికి డబ్బు కావాలి. మామగారు కొంత సర్దారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత ఇచ్చింది. సముద్రం మీద సంపాదించిన ఒక తెలుగు వ్యాపారి పేద పిల్లల చదువు కోసం పెట్టిపోయిన ఆస్తి అది. 1920ల మొదట్లో సుబ్బారావు బోస్టన్‌లో దిగారు. అప్పటికి భార్య గర్భవతి. కొన్నేళ్ళలో తిరిగి వచ్చేయాలన్నది ఆలోచన.

చేతిలో డబ్బు లేదు. చేతిలో ఉన్న ఎల్‌ఎంఎస్ పట్టాతో అక్కడ వైద్యం చేయడానికి వీల్లేదు. ఉష్ణమండల వైద్య విభాగంలో ప్రొఫెసర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆయన్ని ఆదుకున్నారు. పూట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు తీసి కడిగే పని. పగలు క్లాసులు, రాత్రి ఆ పని. ఇంటికి డబ్బు పంపాలని, ఊళ్ళో చేసేదొకటి ఇక్కడ చేసేదొకటి అయినా నోరు మెదపకుండా బతికేవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో కువైట్‌లో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆయన బోస్టన్‌లో ఉండగానే ఇక్కడ కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే జబ్బు చేసి పోయాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు.

ఫాస్ఫరస్ లెక్క, కండరాల గుట్టు

ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా పూర్తయ్యాక హార్వర్డ్ జీవరసాయన విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. స్ప్రూకు, ఈ పనికి పైకి సంబంధం కనిపించదు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కావాలి. అప్పటికున్న పద్ధతులు నమ్మదగ్గవి కావు. 1925లో ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ప్రకటించారు. నమూనాకు కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అన్న పేరుతో అది ప్రపంచమంతా ల్యాబుల్లోకి వెళ్ళింది. మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివి ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన పిల్లల్లో చాలామంది ఈ పేరు పాఠంలో చదివే ఉంటారు. అందులో రెండో పేరు ఒక తెలుగు మనిషిదని గమనించారో లేదో.

ఈ కొలత చేతిలో ఉండటం వల్లే తర్వాతి పెద్ద సంగతి బయటపడింది. కండరంలో ఫాస్ఫరస్ కొలుస్తుంటే లెక్క కుదరలేదు. సమయం గడిచే కొద్దీ అంకె మారుతోంది. దాన్ని పొరపాటుగా కొట్టిపారేయకుండా వెంటపడితే ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థం దొరికింది. అది 1927. రెండేళ్ళకు, 1929లో, కండరంలోంచి ఏటీపీని విడదీశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే పని చేశారు. మన ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే శక్తికి ఏటీపీయే చిల్లర డబ్బు. కండరం కదలడానికి శక్తి ఎక్కడిది అన్న ప్రశ్నకు అప్పటికే జవాబు దొరికిందనుకుని 1922 నోబెల్ బహుమతి కూడా ఇచ్చేశారు. ఆ జవాబు సరిపోదని తేలడంలో ఈ పనులకు వాటా ఉంది.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. అదే ల్యాబులో విద్యార్థిగా పనిచేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు చేసిన పనిలో కొంత ఆనాడు వెలుగులోకి రానివ్వలేదని, ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందని చెప్పారు. సుబ్బారావు మాత్రం తన వాటా కోసం వీధికెక్కలేదు.

కాలేయంలో దాగిందేమిటి

బయలుదేరినప్పటి ప్రశ్న మాత్రం ఆయన మరవలేదు. ఆ ప్రశ్నకు దారి బోస్టన్‌లోనే తెరుచుకుంది. 1926లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు బోస్టన్ డాక్టర్లు, పెర్నీషియస్ అనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనత ఉన్నవాళ్ళకు రోజూ కాలేయం తినిపిస్తే కోలుకుంటున్నారని చూపించారు. మేక కార్జం తింటే రక్తం పడుతుందని మన ఇళ్ళలో అంటారే, దాదాపు అదే. అదే ఊళ్ళో విలియం కాజిల్ అనే డాక్టరు ఈ రక్తహీనతకు మూలం కడుపులో ఉందని తేల్చారు. ఆయనే 1931లో ప్యూర్టోరికోకు వెళ్ళి స్ప్రూ రోగుల్ని పరిశీలించారు. వాళ్ళకు కూడా కాలేయం సారం పనిచేసింది.

ఇటు మన దేశంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928 నుంచి బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేసింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు ఆమె రోగులు. ఈస్ట్‌తో చేసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. కాలేయంలో, ఈస్ట్‌లో, ఆకుకూరల్లో పనిచేసే పదార్థం ఏదో ఉంది. అది ఏమిటో ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు టన్నుల కొద్దీ పాలకూరను పిండి, దొరికిన రవ్వంత పదార్థానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు.

సుబ్బారావు హార్వర్డ్‌లో ఉండగానే కాలేయం సారం మీద పని మొదలుపెట్టారు. స్ప్రూకు, గర్భిణుల రక్తహీనతకు, పెర్నీషియస్ అనీమియాకు మధ్య ఉన్న చుట్టరికం ఆయనకు పుస్తకం చదివి తెలిసింది మాత్రమే కాదు.

పెర్ల్ రివర్

1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. కొద్దికాలానికే పరిశోధన విభాగం మొత్తానికి అధిపతి అయ్యారు. రాత్రుళ్ళు ఆసుపత్రిలో పాత్రలు కడిగిన మనిషి చేతి కింద ఇప్పుడు రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవుల నిపుణులు, డాక్టర్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు.

పెద్ద మొత్తంలో కాలేయాన్ని శుద్ధి చేసుకుంటూ పోవడం, ప్రతి దశలోనూ అసలు పదార్థం ఏ భాగంలోకి వెళ్ళిందో పట్టుకోవడం ఆ బృందం పని. దానికి ఒక చిన్న బాక్టీరియా సాయం చేసింది. ఈ పదార్థం లేకపోతే అది పెరగదు. కాబట్టి అది పెరిగిన గొట్టంలో పదార్థం ఉన్నట్టే. 1945లో ఈ బృందం కాలేయంలోని పదార్థంతో సరిపోలేదాన్ని కృత్రిమంగా తయారు చేసి సైన్స్ పత్రికలో ప్రకటించింది. ఆ వ్యాసం మీద 16 మంది పేర్లున్నాయి. సుబ్బారావుది వాటిలో ఒకటి, మొదటిది కాదు. 1946లో దాని నిర్మాణం కూడా బయటపెట్టారు. కువైట్ నుంచి మొదటి ముడి చమురు ఓడ బయలుదేరిన ఏడాది కూడా అదే.

1945, 46లలో టామ్ స్పైస్ అనే డాక్టరు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోను, క్యూబాలోను ఈ మందును రోగులకిచ్చి చూశారు. స్ప్రూ రోగుల్లో రక్తం పట్టడం, నాలుక పుండు మానడం, ఆకలి తిరిగిరావడం కొద్ది రోజుల్లోనే కనిపించాయి. తన ఇంట్లో ఇద్దరు పోయిన పాతికేళ్ళకు ఆ జబ్బుకు మందు దొరికింది.

ఒక విషయం దాచకూడదు. సుబ్బారావు బృందం వెతికిన పెర్నీషియస్ అనీమియాకు ఫోలిక్ యాసిడ్ పూర్తి జవాబు కాలేదు. రక్తం పుంజుకున్నా నరాల దెబ్బ ఆగలేదు. అక్కడ లోపించింది ఇంకో విటమిన్, బీ12. దాన్ని 1948లో వేరే కంపెనీల శాస్త్రవేత్తలు విడదీశారు.

రెండు మందులూ ఒకే చోటు నుంచి

స్ప్రూ కథలో ఇంకో సగం ఉంది. ఆ పేగుల్లో ఉండకూడని చోట బాక్టీరియా పెరుగుతుందని తర్వాత తెలిసింది. అందుకే ఈ రోజు ట్రాపికల్ స్ప్రూ అని తేలితే డాక్టర్లు సాధారణంగా ఫోలిక్ యాసిడ్‌తో పాటు టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన యాంటీబయాటిక్‌ను కొన్ని నెలలు వాడమంటారు. బీ12 తక్కువుంటే అదీ ఇస్తారు.

టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది ఆరియోమైసిన్. దాన్ని కనిపెట్టింది బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేసి, 70 ఏళ్ళు దాటాక లెడర్లీలో చేరారు. మిస్సోరీ నుంచి వచ్చిన మట్టి నమూనాలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి కనిపించింది. దాని నుంచే ఈ మందు వచ్చింది, 1948లో లోకానికి తెలిసింది. మట్టిలో మందుల కోసం వెతికే ఆ పని జరిగింది సుబ్బారావు నడిపిన విభాగంలో. కాబట్టి టెట్రాసైక్లిన్‌ను సుబ్బారావే కనిపెట్టారని వాట్సాప్‌లో తిరిగే మాట సరికాదు. కానీ ఆయన అన్నదమ్ముల్ని చంపిన జబ్బుకు ఈ రోజు వాడే రెండు మందుల మూలాలూ ఆయన చేతి కింది ప్రయోగశాలలోనివే. ఆ జబ్బుకు పూర్తి వైద్యం తన దగ్గరే తయారైందని తెలుసుకునే దాకా ఆయన బతకలేదు.

క్యాన్సర్ పిల్లలు, గోదావరి బోదకాళ్ళు

ఫోలిక్ యాసిడ్ పని ఇంకో దిక్కుకు కూడా దారితీసింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లలకు వైద్యం చేస్తున్నారు. ఆ రోజుల్లో ఆ జబ్బు వస్తే వారాలో, నెలలో. ఫోలిక్ యాసిడ్ లాంటివి క్యాన్సర్ కణాలకు బలమిస్తున్నాయని ఆయనకు అనుమానం వచ్చింది. అయితే దానికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఆ కణాలు మాడిపోవాలి. తాళంచెవిలాగే కనిపిస్తూ తాళంలో ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటిది కావాలి. లెడర్లీ రసాయన శాస్త్రవేత్తలు అలాంటి అమినోప్టెరిన్‌ను తయారు చేసిచ్చారు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే. కానీ మందుతో రక్త క్యాన్సర్‌ను వెనక్కి నెట్టవచ్చని లోకానికి మొదటిసారి తెలిసింది.

దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. ఈనాటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు, క్రోన్స్ అనే పేగుల జబ్బుకు కూడా వాడతారు. మన ఇళ్ళలో కీళ్ళవాతం ఉన్న పెద్దవాళ్ళు వారానికోసారి మెథోట్రెక్సేట్, వేరే రోజు ఫోలిక్ యాసిడ్ వేసుకోవడం చూసే ఉంటారు. ఆ రెండు బిళ్ళలూ ఒకే ప్రయోగశాల బిడ్డలు.

గోదావరి వాళ్ళకు చెప్పాల్సింది ఇంకొకటుంది. బోదకాలు మన జిల్లాలను తరతరాలుగా పీడించింది. దోమకాటుతో వచ్చే ఫైలేరియా పురుగుల పని అది. గల్ఫ్‌కు వచ్చే ముందు చేసే వైద్య పరీక్షల్లో ఫైలేరియా పరీక్ష కూడా ఉంటుందని మనకు తెలుసు. ఆ పురుగుల మీద పనిచేసే హెట్రజాన్ అనే మందును 1947లో సుబ్బారావు విభాగం తెచ్చింది. మన ఊళ్ళలో ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే. ఊరు వదిలిన పాతికేళ్ళకు ఆయన భీమవరానికి పంపిన సరుకు అని అనుకోవచ్చు.

తిరిగి రాని మనిషి

1923లో, భారతీయులు అమెరికా పౌరసత్వానికి అర్హులు కారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారాక ఆ తలుపు తెరుచుకుంది. అయినా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. అంత పెద్ద పదవిలో ఉండి కూడా పరదేశిగానే బతికారు. ఇకామా మీద పాతికేళ్ళు గడిపి, ఈ నేల మనది కాదు, ఆ నేల మీద మనం లేము అనుకునేవాళ్ళకు ఆ స్థితి తెలుసు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కావస్తోంది. ఇండియాకు ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. శేషగిరి గారు పెళ్ళయిన మూడు నాలుగేళ్ళకు ఓడెక్కించిన భర్తను మళ్ళీ చూడలేదు. కడుపున పుట్టిన ఒక్క బిడ్డా దక్కలేదు. సుబ్బారావు గొప్పతనం చెప్పేటప్పుడు ఆమెను ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆయన్ని నడిపించింది పరిశోధన మీద ప్రేమే కావచ్చు. దాని ఖరీదులో పెద్ద వాటా చెల్లించింది ఆమె. ఇంటికి ఎప్పుడొస్తారు అన్న ప్రశ్నకు ఏటా వచ్చే ఏడు అని జవాబు చెప్పుకునే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి కాబట్టి ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఆయన పోయాక ఒక శిలీంధ్ర జాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో, శతజయంతి ఏడాది, భారత తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు తెచ్చింది. ఆయన మందులు చేరినంత దూరం పేరు చేరలేదు.

మనం చేయగలిగింది

ఈ జీవితం నుంచి ఇక్కడి కుటుంబాలకు పనికొచ్చే మాటలు మూడున్నాయి.

మొదటిది ఆడపిల్లలకు. ఫోలిక్ యాసిడ్ బిడ్డ వెన్నెముక, మెదడు సరిగ్గా రూపుదిద్దుకోవడానికి అవసరం. ఆ రూపం ఏర్పడేది గర్భం వచ్చిన మొదటి నాలుగు వారాల్లో, చాలామందికి గర్భం అని తెలియకముందే. అప్పటికే ఒకసారి అలాంటి లోపంతో బిడ్డ కలిగిన తల్లుల మీద చేసి 1991లో ప్రకటించిన పెద్ద పరిశోధనలో, ముందునుంచి ఫోలిక్ యాసిడ్ వాడితే ఆ లోపం మళ్ళీ రావడం 70 శాతానికి పైగా తగ్గింది. అందుకే పిల్లల కోసం ప్రయత్నించే వాళ్ళు ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలని వైద్యులు చెబుతారు. పిండిలో కలిపేది మంచిదే, దాన్ని నమ్ముకుని మాత్ర మానకండి. అలాంటి బిడ్డ ముందు పుట్టి ఉంటే మోతాదు వేరుగా ఉంటుంది, డాక్టర్ని అడగండి.

రెండోది పేగుల గురించి. వారాల తరబడి విరేచనాలు ఆగకపోయినా, నూనె తేలుతున్నా, నాలుక మండుతూ బరువు తగ్గుతున్నా సొంతంగా మాత్రలు కొనుక్కుని నెట్టుకురావద్దు. కారణం పేగు గోడ కావచ్చు, గోధుమలు పడకపోవడం కావచ్చు, క్లోమం సరిగా రసాలు ఇవ్వకపోవడం కావచ్చు. దక్షిణ భారతంలో, ముఖ్యంగా కేరళలో, క్లోమం దెబ్బతినే జబ్బు ఒకటి వయసులో ఉన్నవాళ్ళకే వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. పరీక్ష చేస్తేనే ఏదో తేలుతుంది. పనికి సెలవు దొరకదని, సంగతి తెలిస్తే పని పోతుందని పరీక్ష వాయిదా వేసేవాళ్ళు మనలో ఉన్నారు. సుబ్బారావు ఇంట్లో వాళ్ళకు మందు లేక ప్రాణం పోయింది. మనకు మందు ఉంది.

మూడోది శాకాహారులకు. రక్తం తక్కువుందని ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే బీ12 లోపం కనపడకుండా దాక్కుంటుంది, నరాలు దెబ్బతింటాయి. రెండూ పరీక్ష చేయించుకున్నాకే వాడాలి.

ఆయన పుట్టినరోజు జనవరి 12. మన సంఘాలు సంక్రాంతి సంబరాలు చేసేది ఆ రోజుల్లోనే. ముగ్గుల పోటీకి, పిల్లల డాన్సులకు నడుమ ఒక పది నిమిషాలు పక్కన పెట్టి, మెట్రిక్ రెండుసార్లు తప్పిన భీమవరం కుర్రాడి కథ ఒకసారి పిల్లలకు చెప్పమని నా మనవి. ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేస్తున్న మన నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు చెబితే ఇంకా బాగుంటుంది.